ఉగాది సంకల్పము ఏరువాక వఱకు నిలుచుట యెట్లు?

ప్రతి సంవత్సరమును ఉగాదినాటి యుదయమున మన గ్రామములలో రెండు కార్యములు తప్పక జరుగును. ఒకటి వేపపూవు పచ్చడి నారగించుట. రెండవది రామాలయపు టరుగుమీద కూర్చుండి పంచాంగ శ్రవణము చేయుట. ఏ రాశివారికి ఆదాయ మెంత, వ్యయ మెంత, రాజపూజ్య మెంత, అవమాన మెంత యని పెద్దలును పిన్నలును చెవియొగ్గి వినుచుందురు. ఇటీవలి కాలమున వీనికి తోడు మూడవ కార్య మొకటి వాడుకలోనికి వచ్చినది. “ఈ యేటి నుండి చుట్ట ముట్టను”, “రేపటి నుండి వేకువనే లేచి నడచెదను”, “అన్నము తగ్గించి జొన్నరొట్టె తినెదను” అని దేహారోగ్యమును గూర్చి యొట్టు పెట్టుకొనుటయే యది. పట్టణవాసులు ఈ యొట్టును జనవరి 1వ తేదీన పెట్టుకొందురు. పల్లెవారు ఉగాదినాడు పెట్టుకొందురు. పెట్టుకొనుటలో తేడా యున్నదిగాని విడిచిపెట్టుటలో నెవ్వరికిని తేడా కానరాదు.

మనవారిని ఆరంభశూరులని లోకము పరిహసించుట చిరకాలము నుండి యున్నదే. ఆ నింద నితరులమీదికి త్రోయుటకు ముందు మా సంగతి మేమే చెప్పుకొనుట న్యాయము. గడచిన యుగాదికి మేమును వేకువ నడక నారంభించితిమి. అందులకై క్రొత్త పాదరక్షలు కొంటిమి. పదునెనిమిది దినములు నిరాటంకముగ నడచితిమి. పందొమ్మిదవ దినమున చుట్టముల యింట పెండ్లి. ఇరువదవ దినమున ప్రయాణపు బడలిక. ఇరువదియొకటవ దినమున “ఎటులును తప్పినది గదా” యను నిస్పృహ. ఆ పాదరక్షలు నేటికిని మా వసారాలో క్రొత్తవిగానే యున్నవి.

ఇది నవ్వి యూరకుండదగిన విషయమే యైనచో ఈ పుటలను దీనికై వెచ్చించియుండెడివారము కాము. మా సంఘములో నొక సభ్యుడు కలడు. ఏబదినాలు గేండ్లవాడు, నాలు గెకరముల మాగాణి సేద్యము చేయువాడు, ముప్పది సంవత్సరములలో నొక్క వాయిదాయైనను తప్పనివాడు. మూడేండ్ల క్రిందట ఆరోగ్య శిబిరములో నాతనికి రక్తపుపోటు హెచ్చుగా నున్నదని తెలియగా, వైద్యుడు మాత్రలు వ్రాసి యిచ్చెను. ఆ యుగాదినాడు ఆతడు దైవసన్నిధిని, దినమున కొక మాత్ర తప్పక వేసికొందుననియు, చుట్ట మానుదుననియు సంకల్పించుకొనెను. రెండు నెలలు నడచినది. తలనొప్పి లేదు, కన్ను తిరుగుట లేదు, ఒడలు కులాసాగ నున్నది. ఇక మాత్ర లెందులకని విడిచిపెట్టెను. మాత్రతోపాటు చుట్టమీది యొట్టును జారిపోయెను. మరుసటి యేడు దాళ్వా కోతల దినములలో, ధాన్యపు బస్తాలు బండి కెత్తించుచుండగా, కుడికాలు కుడిచేయి స్వాధీనము తప్పి, మాట తడబడి, నేల కొరిగెను. ప్రాణము దక్కినది; చేయి దక్కలేదు.

గడచిన మాసమున ఆతడు కుమారుని భుజము పట్టుకొని, పంట ఋణపు పత్రములమీద సంతకము చేయుటకై కార్యాలయమునకు వచ్చెను. గుమాస్తా నమూనా సంతకముల పుస్తకము తెఱచి, ఏమియు తోచక, “బాబాయిగారూ, ఈసారికి ఎడమచేతి వేలిముద్ర వేయండి, సరిపోతుంది” అనెను. ఆతడు తన పాత సంతకము వంక కొంతతడవు చూచి, “ఈ సంఘానికి నేనెప్పుడూ బాకీ పడలేదురా అబ్బాయీ, నా ఒంటికే బాకీ పడ్డాను” అనెను. ఆ మాట విన్ననాటి నుండి ఈ విషయమును గూర్చి వ్రాయక తప్పదని మాకు తోచినది.

ఆతనివంటి వారు మనలో కొద్దిమంది కారు. భారత వైద్య పరిశోధనా మండలి యాధ్వర్యమున దేశమంతటను పల్లెలలోను పట్టణములలోను జరిగిన పరిశీలన ఫలితములు 2023లో ప్రకటింపబడినవి. వాని ప్రకారము దేశములో 10 కోట్లకు పైగా జనులకు మధుమేహము కలదు. వయోజనులలో నూటికి 35 మందికి పైగా రక్తపుపోటు కలదు. ఈ రెండును చాలకాలము నొప్పి పెట్టని వ్యాధులు. నొప్పి పెట్టని శత్రువును మనము శత్రువని తలంపము. ఉగాది యొట్టు తప్పిపోవుటకు మొదటి కారణ మిదియే: తప్పిననాడే దండన లేదు, దండన వచ్చినాడు దిద్దుకొనుటకు వ్యవధి లేదు.

“పొలములో పాటుపడువానికి వేరుగ వ్యాయామ మేల?” యని మా సభ్యులు పలువు రడుగుదురు. ప్రశ్న సమంజసమే. కాని మన పాటు మన తాతల పాటు కాదు. నాగలివెంట దినమెల్ల నడచినవారి మనుమలము మనము ట్రాక్టరుమీద కూర్చుండుచున్నాము. కోత యంత్రము కోయును. చేనికి మోటారుసైకిలు పోవును. సెల్‌ఫోను మీటతోనే బోరు మోటారును నడుపువారును కలరు. ఉన్న కష్టము కొన్ని వారములలో మీదపడి నడుము విఱుచును. మిగిలిన మాసములలో అరుగుమీది కూర్చుండుటయే. తాతలనాటి పాటు పోయినది. తాతలనాటి కంచము మాత్రము మిగిలినది. అందులోను దంపుడుబియ్యము పోయి మిలమిలలాడు తెల్లబియ్యము వచ్చినది.

నియమము పాటించినచో ఫలము కలుగునా యను సందేహమునకు మన ప్రక్కనే సమాధాన మున్నది. చెన్నపట్టణమునందలి వైద్య పరిశోధకులు, మధుమేహము రాబోవు స్థితిలోనున్న 531 మందిని మూడేండ్లు కనిపెట్టి, ఫలితములను 2006లో ప్రకటించిరి. మామూలు సలహాతో విడిచినవారిలో నూటికి 55 మందికి మధుమేహము వచ్చినది. నడక, ఆహార నియమము పాటించినవారిలో నూటికి 39 మందికి మాత్రమే వచ్చినది. గొప్ప మందులు, ఖరీదైన యంత్రములు అక్కఱలేకయే ఇంత లాభము కలిగినది. ఇక మిగిలిన ప్రశ్న యొక్కటియే: తెలిసిన మేలును నిలుపుకొనుట యెట్లు?

సంకల్పములు చెడుటకు గల కారణములను మేము నాలుగుగా గుర్తించితిమి.

మొదటిది, పరిమాణము. ఉగాదినాటి యుత్సాహములో మనిషి చెల్లింపలేని ఋణమునకు సంతకము చేయును. నిన్నటివఱకు అరుగు దిగనివాడు రేపటి నుండి రెండు క్రోసులు నడచెదననును. పది దినములలో మోకాలు పట్టుకొని కూర్చుండును.

రెండవది, కాలము. మన క్రొత్త సంవత్సరము వేసవి ముఖద్వారమున వచ్చును. దాళ్వా కోతలు అప్పుడే. ఉప్పు తగ్గించెద నన్నవాని యింట మరునెలలోనే ఆవకాయ జాడీ నిండును. పెండ్లిండ్లు, జాతరలు, విందులు వైశాఖమున వరుసగా వచ్చును. పిమ్మట రోహిణి కార్తె యెండలు. ఇవి యన్నియు రానున్నవని యెఱిగియు, ఎఱుగనట్లు ఒట్టు పెట్టుకొనుట, తుపానుల మాసమున కోత కోసి మబ్బును నిందించుట వంటిది.

మూడవది, మాట తీరు. “మానెదను” అను సంకల్పముకంటె “చేసెదను” అను సంకల్పము హెచ్చుకాలము నిలుచును. స్వీడను దేశమున నూతన సంవత్సర సంకల్పములు చేసికొనిన 1066 మందిని ఏడాదిపాటు పరిశీలించి, ఆ ఫలితములను 2020లో ప్రకటించిరి. ఏదో యొకటి చేసెదమని పూనుకొన్నవారిలో నూటికి సుమారు 59 మందియు, ఏదో యొకటి విడిచెదమని పూనుకొన్నవారిలో 47 మందియు ఏడాది చివర తాము నెగ్గితిమని చెప్పిరి. కావున “తీపి మానెదను” అనుటకంటె “సాయంకాలము టీతో మిఠాయికి బదులు గుప్పెడు వేయించిన సెనగలు తినెదను” అనుట మేలు.

నాలుగవది, నిస్పృహ. ఒక్క దినము తప్పగానే సంకల్పమంతయు చెడినదని తలంచి పూర్తిగ విడిచిపెట్టుట. మమ్ములను పడగొట్టిన దిదియే. లండను నగరమందలి యూనివర్సిటీ కాలేజీవారు 96 మందిపై చేసి 2010లో ప్రచురించిన పరిశోధన ఈ విషయమున ధైర్యము చెప్పుచున్నది. దినమున కొకమారు, నిర్ణీత సందర్భమున, ఒక చిన్నపని చేయుచు పోగా, అది తలంపకయే జరుగు అలవాటగుటకు నడిమి లెక్కన 66 దినములు పట్టినది. కొందఱికి 18 దినములే చాలినవి. కొందఱికి 254 దినముల వఱకు కావలసివచ్చునని లెక్కతేలినది. మంచినీరు త్రాగుటవంటి సులభమైన పని త్వరగా అలవడినది. వ్యాయామమునకు హెచ్చుకాలము పట్టినది. నడుమ నొక దినము తప్పినందువలన చెప్పుకోదగిన నష్టము కానరాలేదు.

ఈ 66 దినముల లెక్క చూడగానే మాకు మన సేద్యపు లెక్క జ్ఞప్తికి వచ్చినది. అధికమాసము రాని యేట చైత్ర శుద్ధ పాడ్యమి నుండి జ్యేష్ఠ పూర్ణిమ వఱకు, అనగా ఉగాది నుండి ఏరువాక పున్నమి వఱకు, సుమారు 74 దినములు. ఆ నడుమ అధికమాసము వచ్చినచో నింకొక నెల హెచ్చును, అదియు మేలే. ఉగాదినాడు పట్టిన చిన్న నియమమును ఏరువాక వఱకు నిలిపినచో, మనము కాడి కట్టు నాటికి అది వేరూనియుండును. పనుల తొందరలో దానిని తలంచుకొనవలసిన యవసరము తగ్గును. కావున ఏడాది పొడుగునకు ఒట్టు వలదు. ఏరువాక వఱకే వాయిదా పెట్టుకొనుడు. తరువాతి మాట తరువాత.

నిలుపుకొనుట యెట్లన్నచో, మన చేతిలోనే పద్ధతి యున్నది. సంఘము ఋణ మిచ్చునపుడు నాలుగు విషయములు చూచును: ఎంత? ఎప్పుడు? హామీ యెవరు? వ్రాసిన దెక్కడ? ఒంటి బాకీ తీర్చుటకును ఈ నాలుగే చాలును.

ఎంత? నవ్వు పుట్టించునంత చిన్నదిగా నుండవలెను. మొదటి పక్షము దినమునకు పది నిమిషముల నడక. పిమ్మట పక్షమునకు కొంత హెచ్చించుచు అరగంటకు చేరుట. వారములో ఐదు దినములు అరగంట వేగముగ నడచినచో, ప్రపంచ ఆరోగ్య సంస్థ వయోజనులకు విధించిన కనిష్ఠము, 150 నిమిషములు, పూర్తియగును. ఉప్పు విషయమున ఆ సంస్థవారి హద్దు దినమునకు 5 గ్రాముల లోపు, అనగా ఒక చిన్న చెంచా. కూరలోనిదియు పచ్చడిలోనిదియు కలిపియే. ఆవకాయ మానుమనుట మా యభిమతము కాదు. మజ్జిగన్నములో ఉప్పు వేసికొనకుండుట, పచ్చడిని ఒక్క పూటకు పరిమితము చేయుట, ఇవి మొదటి వాయిదాలు.

ఎప్పుడు? “వీలైనపుడు” అను తేదీ యే క్యాలెండరులోను లేదు. నియమమును ఇదివఱకే తప్పక జరుగుచున్న పనికి కట్టివేయవలెను. మనలో పలువురు వేకువను పాలకేంద్రమునకు పాలు పోయుదురు. ఆ పని జ్వరము వచ్చినను తప్పదు. పాలు పోసి పాత్ర యింట దింపిన వెంటనే నడక. పండ్లు తోముకొనిన వెంటనే మాత్ర. గేదె మనలను లేపునట్లే అలవాటును లేపును. వేసవిలో నడక సూర్యోదయమునకు ముందే ముగియవలెను.

హామీ యెవరు? ఒంటరి ప్రతిజ్ఞ కనుచీకటిలో కరగిపోవును. సంఘములో హామీదారు లేనిదే ఋణము పుట్టదు. కారణము, మనిషి తనకు తాను చెప్పుకొను సాకును పొరుగువానికి చెప్పుటకు సిగ్గుపడును. ఇద్దఱు సభ్యులు ఒకరి కొకరు హామీ యుండుడు. ఒకడు రానినాడు రెండవవాడు వాకిట నిలిచి పిలువవలెను. ఇంతకంటె గట్టి మందు మాకు తెలియదు.

వ్రాసిన దెక్కడ? గోడమీది క్యాలెండరు చాలును. నడచిన దినమునకు గీత. తప్పిన దినమునకు సున్న. నెల కొకమారు ప్రాథమిక ఆరోగ్య కేంద్రమున రక్తపుపోటు చూపించుకొని ఆ రెండంకెలను అదే పుటలో వ్రాసికొనుడు. పై యంకె 140గాని, క్రింది యంకె 90గాని, వేర్వేరు దినములలో చూచినను దాటుచున్నచో వైద్యుని సలహా తప్పనిసరి. మాత్ర వేసికొనుచుండగా అంకెలు తగ్గినవన్నచో మాత్ర పనిచేయుచున్నదని యర్థము. మాత్ర అక్కఱ తీరినదని యర్థము కాదు. మా సభ్యుడు చేసిన పొరపా టిదియే. మధుమేహమునకు మందులు వాడుచున్నవారు వైద్యుని అడుగకయే భోజనము మానుటగాని, ఉపవాసములు పట్టుటగాని కూడదు. ఎవరికైనను మూతి వంకరపోయి, చేయి పడిపోయి, మాట తడబడినచో క్షణమైనను జాగు చేయక 108కి ఫోను చేయవలెను. మెదడులోని రక్తపు గడ్డను కరగించు మందు సాధారణముగ మొదటి నాలుగున్నర గంటలలోనే ఇయ్యదగినది.

సోదరీమణుల సంకల్పమును గూర్చి వేరుగ చెప్పవలసియున్నది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము దేశములో 15 నుండి 49 ఏండ్లలోపు స్త్రీలలో నూటికి 57 మందికి రక్తహీనత కలదు. అందఱికిని వడ్డించి, అడుగున మిగిలినది తాను తినుట మన యిండ్ల యాచారము. ఇట్టి యింటిలో ఇల్లాలి సంకల్పము “తగ్గించి తినెదను” అనునది కారాదు. “అందఱితోపాటు కూర్చుండి తినెదను” అనునది కావలెను. తోటకూర, మునగాకు, పప్పు, వీలైనవారికి గ్రుడ్డు. వానితో నిమ్మరసపు చుక్క. భోజనము కాగానే టీ త్రాగినచో ఆహారములోని యినుము ఒంటికి పట్టుట తగ్గును గనుక గంటసేపు ఆగుట మేలు. ఈ సంకల్పమునకు హామీదారు భర్తయే కావలెను. ఆమె కంచము పెట్టనిదే తాను ముద్ద ముట్టనన్నచో ఏరువాక నాటికి ఇంటి యాచారమే మాఱును.

ఇక తప్పిన దినముల మాట. వాయిదా తప్పిన సభ్యుని సంఘము వెంటనే వెలివేయదు. కారణము విచారించి, గడువు మార్చి, మరల దారిలో పెట్టును. చేలో నాలుగు గింజలు మొలవనిచో చేనంతయు దున్నివేయుదుమా? ఖాళీలలో మరల గింజ పెట్టుదుము. పెండ్లి వచ్చినది, నడక తప్పినది, కానిండు. మరునాడే గీత గీయుడు. వరుసగా రెండు దినములు తప్పనీయకుండుట యొక్కటే నియమము. విందుకు పోవుటకు ముందుగనే, తిరిగి యెన్నడు మొదలుపెట్టెదరో హామీదారునకు చెప్పి పొండు. చుట్ట, బీడీ మానుటలో పలుమార్లు ఓడి పిదప నెగ్గినవారు పెక్కుమంది. ఓటమి లెక్కలో వ్రాయబడును. ఖాతా మాత్రము మూయబడదు.

ఈ సంచికతో సభ్యులందఱికిని 74 గడులు గల కాగిత మొకటి పంపుచున్నాము. పైన మీ నియమమును ఒక్క వాక్యములో వ్రాయుడు. క్రింద హామీదారుని సంతకము పెట్టించుడు. ఏరువాక పున్నమి మరునాడు దానిని కార్యాలయమునకు తెచ్చి చూపుడు. సున్నలున్నవని సిగ్గుపడ నక్కఱలేదు. గీతలు లెక్కించుటకే మేము కూర్చుందుము.

మా కాగితముమీద నియమము వ్రాసితిమి: “పాలు పోసిన పిమ్మట పది నిమిషములు నడచెదము.” హామీదారునిగ మా పాత సభ్యుడే యుండుట కంగీకరించెను. వైద్యుని సలహామేరకు ఆతడును ఊతకఱ్ఱతో వేకువను కాలువగట్టు వెంబడి నడచుచున్నాడు. “నేను మెల్లగా నడుస్తాను, మీకు విసుగు పుడుతుందేమో” యనెను. పుట్టదంటిమి. “అయితే మీరు రానినాడు మీ వాకిట్లో కఱ్ఱ కొట్టి పిలుస్తాను” అని చెప్పి, సంతకము చేయవలసిన చోట ఎడమచేతి బొటనవ్రేలిముద్ర వేసెను. వసారాలోని పాదరక్షలను దులిపి బయట పెట్టితిమి.